కంపెనీలు ఐపీఓకు ఎందుకొస్తాయి, షేరుకు ధర ఎవరు కడతారు: మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఉండేది కర్నూల్లో, సొంతూరు ఆదోని దగ్గర. డీమ్యాట్ ఖాతా, అంటే షేర్లు దాచుకునే ఖాతా, తెరిచి పద్నాలుగేళ్లయింది. ఏదైనా పెద్ద ఐపీఓ వచ్చిందంటే ఆఖరి రోజు మధ్యాహ్నం నుంచి ఫోన్లు మొదలవుతాయి, బంధువులు, పాత క్లాస్‌మేట్లు, వాళ్ల పిల్లలు. అందరూ అడిగేది దాదాపు ఒకటే కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. వాడిన లెక్కలన్నీ పేపరు మీద వేసుకుని చూడగలిగినవే.

అన్నా, అసలు ఐపీఓ అంటే ఏంది?

కంపెనీ మొదటిసారి తన షేర్లను జనానికి అమ్మకానికి పెట్టి, ఆ తర్వాత వాటిని స్టాక్ ఎక్స్ఛేంజీలో రోజూ కొనేలా అమ్మేలా చేయడం. అంతకుముందు అది ప్రైవేటు కంపెనీగా ఉంటే, ఉద్యోగులను పక్కన పెడితే వాటాదారులు 200 మందికి మించకూడదు.

బాగా నడిచే కంపెనీ తన వాటా బయటివాళ్లకు ఎందుకిస్తుంది? లాభమంతా వాళ్లే తినొచ్చు కదా?

అందరూ అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే, కానీ చాలామంది అలాట్‌మెంట్ (షేర్ల కేటాయింపు) వచ్చాక అడుగుతారు.

మొదటి కారణం డబ్బు. ఆదోనిలో ఒక నూనె మిల్లు ఉందనుకోండి, రెండో మిల్లు పెట్టాలంటే 110 కోట్లు కావాలి. బ్యాంకులో అప్పు తెస్తే బుడ్డలు (వేరుశెనగ) పండినా పండకపోయినా నెల తిరిగేసరికి వడ్డీ కట్టాలి. మన సీమలో వానలను నమ్ముకుని అప్పు చేసిన ఎవరిని అడిగినా ఆ టెన్షన్ ఏంటో చెబుతారు. షేర్లు అమ్మి తెచ్చిన డబ్బుకు వడ్డీ ఉండదు, తిరిగి కట్టే గడువూ ఉండదు. బదులుగా వాటా పోతుంది, అంటే రేపు మిల్లు బంగారమైతే ఆ బంగారంలో మనమూ భాగస్తులం.

రెండోది, ముందే పెట్టుబడి పెట్టినవాళ్లు బయటికి వెళ్లడం. ఏడెనిమిదేళ్ల కింద డబ్బు పెట్టిన ఫండ్లకు ఒక గడువు ఉంటుంది, ఆ లోపు అమ్ముకుని వాళ్లకు డబ్బిచ్చినవాళ్లకు తిరిగివ్వాలి. కుటుంబ వ్యాపారాల్లో ఇంకో సంగతి ఉంటుంది. నలుగురు అన్నదమ్ముల్లో ఇద్దరికి వ్యాపారం మీద ఆసక్తి లేదు, వాటా తేల్చమంటారు. లిస్ట్ కాని, అంటే ఎక్స్ఛేంజీలోకి రాని కంపెనీ వాటాకు ఎవరు ధర కట్టాలి? పంచాయితీ తెగదు. లిస్ట్ అయిందంటే ఆ రోజు రేటు ఎంతో అందరికీ కనబడుతుంది.

ఉద్యోగులకిచ్చిన షేర్లకు విలువ రావడం, ఇంకో కంపెనీని కొనేటప్పుడు డబ్బుకు బదులు షేర్లివ్వగలగడం, బ్యాంకుల దగ్గర మాట చెల్లుబాటు కావడం లాంటివీ ఉన్నాయి. ప్రభుత్వమైతే తన సంస్థల్లో వాటా అమ్మి ఖజానాకు డబ్బు తెచ్చుకోవడానికి వస్తుంది. 2010లో కోల్ ఇండియా, 2019లో ఐఆర్‌సీటీసీ, 2022లో ఎల్ఐసీ అలా వచ్చినవే.

దీనికి ఖర్చూ ఉంది. ప్రతి మూడు నెలలకూ లెక్కలు బయటపెట్టాలి, స్వతంత్ర డైరెక్టర్లు ఉండాలి, ఒక్క త్రైమాసికం లాభం తగ్గితే షేరు పడిపోయి జనం నిలదీస్తారు. అందుకే డబ్బు అవసరం లేని మంచి కంపెనీలు కొన్ని ఎప్పటికీ రావు.

మనం కట్టిన డబ్బు కంపెనీకే పోతుందా?

ప్రతిసారీ కాదు. దీని దగ్గర కాసేపు ఆగండి.

ఐపీఓలో రెండు రకాల షేర్లుంటాయి. ఒకటి కొత్తగా పుట్టించినవి, ఆ డబ్బు కంపెనీ ఖాతాలో పడుతుంది. రెండోది ఆఫర్ ఫర్ సేల్, అంటే పాత వాటాదారులు తమ షేర్లు మనకు అమ్ముకోవడం. అందులో కంపెనీకి పైసా రాదు, అమ్మినవాళ్ల జేబులోకి పోతుంది. 2024 అక్టోబరులో వచ్చిన హ్యుందాయ్ మోటార్ ఇండియా ఇష్యూ దాదాపు 27,870 కోట్లది, మొత్తం ఆఫర్ ఫర్ సేలే, డబ్బు కొరియాలోని మాతృసంస్థకు వెళ్లింది. 2023లో వచ్చిన టాటా టెక్నాలజీస్‌దీ పూర్తిగా ఆఫర్ ఫర్ సేలే.

అలాగని ఆఫర్ ఫర్ సేల్ అనగానే చెడ్డదని కాదు. ఆ రెంటిలో హ్యుందాయ్ 1,960కి అమ్మితే మొదటిరోజు కొంచెం కిందనే మొదలైంది, టాటా టెక్నాలజీస్ 500కి ఇచ్చి 1,200 దగ్గర మొదలైంది. నేను చూసేది ఏంటంటే, అమ్ముతున్నది ఎవరు, ఎంత శాతం అమ్ముతున్నారు, అమ్మాక వాళ్ల దగ్గర ఎంత మిగులుతుంది. పొలం మొత్తం అమ్మేసి ఊరు విడిచి పోయేవాడికీ, ఎకరా అమ్మి మిగతా తొమ్మిదెకరాలు తానే సాగు చేసుకునేవాడికీ తేడా మనకు తెలియనిది కాదు.

మన మిల్లుకే వద్దాం. యజమాని కుటుంబం దగ్గర 2 కోట్ల షేర్లున్నాయి. కొత్తగా 50 లక్షల షేర్లు పుట్టించారు, కుటుంబం తమవాటిలోంచి 12.5 లక్షలు అమ్మింది. షేరు 220 అయితే కంపెనీకి 110 కోట్లు, కుటుంబానికి 27.5 కోట్లు. మొత్తం షేర్లు 2.5 కోట్లు అయ్యాయి, కుటుంబానికి 75 శాతం, జనానికి 25 శాతం.

షేరు మీద ముఖ విలువ 10 రూపాయలని ఉంటుంది, మన దగ్గర 220 తీసుకుంటారు. మోసం కదా?

కాదు. ముఖ విలువ లెక్కల పుస్తకం కోసం పెట్టుకున్న అంకె. దాని మీద షేరు విలువ ఆధారపడదు, 10 ఉన్నా 1 ఉన్నా ఒకటే.

ధర ఎవరు కడతారు సార్? సెబీ ఒప్పుకుంటేనే కదా పెడతారు?

ఈ అపోహ చదువుకున్నవాళ్లలోనూ ఉంది. సెబీ అంటే షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ. ఒకప్పుడు నిజంగానే ప్రభుత్వం చూసేది. కంట్రోలర్ ఆఫ్ క్యాపిటల్ ఇష్యూస్ అనే అధికారి ఉండేవారు, ముఖ విలువ మీద అదనంగా ఎంత (ప్రీమియం) వసూలు చేయాలో ఆ కార్యాలయమే తేల్చేది. 1992లో ఆ పద్ధతి రద్దయింది, అదే ఏడాది సెబీకి చట్టబద్ధమైన అధికారాలొచ్చాయి. అప్పటినుంచి ధర కంపెనీ ఇష్టం. ఇష్యూ నడిపే మర్చంట్ బ్యాంకర్లతో కూర్చుని వాళ్లే కడతారు. చెప్పాల్సిన విషయాలన్నీ చెప్పారా లేదా అనేది సెబీ చూస్తుంది, ఈ ధర న్యాయమేనా అనేది చూడదు. సెబీ చూసింది కదా అని ధరను నమ్మొద్దు.

మరి ఆ అంకె ఎలా వస్తుంది? గాల్లోంచి తీస్తారా?

గాల్లోంచి కాదు గానీ, సాగదీయడానికి చోటున్న లెక్క.

మిల్లు లాభం ఏడాదికి 20 కోట్లు, షేర్లు 2 కోట్లు, కాబట్టి షేరుకు లాభం 10 రూపాయలు. ఇదే పని చేసే, ఇప్పటికే లిస్ట్ అయిన కంపెనీలు తమ షేరు లాభానికి 25 రెట్ల దగ్గర అమ్ముడవుతున్నాయనుకుందాం. అలా చూస్తే మనది 250. కొత్త కంపెనీ కాబట్టి కొనేవాళ్లకు కొంత వదలాలని బ్యాంకర్లు 209 నుంచి 220 అని పెడతారు. అందరూ 25 రెట్లయితే మేం 22 రెట్లకే ఇస్తున్నాం అని ప్రకటనల్లో చెబుతారు.

ఇక్కడే పట్టిపట్టి చూడాలి. ఆ 10 రూపాయలు పాత 2 కోట్ల షేర్లకు లెక్కేసింది. ఐపీఓ అయ్యాక షేర్లు 2.5 కోట్లు. అదే 20 కోట్లను పంచితే షేరుకు 8 రూపాయలే, అంటే 220 అనేది 27.5 రెట్లు. చవక అనుకున్నది మిగతావాళ్లకన్నా ఖరీదైంది! అయితే వచ్చిన 110 కోట్లు ఊరికే కూర్చోవు. అందులో 60 కోట్లతో 10 శాతం వడ్డీ అప్పు తీర్చేస్తే ఏడాదికి 6 కోట్లు మిగులుతాయి, పావు వంతు పన్ను పోను 4.5 కోట్లు. అప్పుడు లాభం 24.5 కోట్లు, షేరుకు 9.80, అంటే మళ్లీ 22 రెట్ల చిల్లరకు దిగుతుంది. కాబట్టి డబ్బు దేనికి వాడతారు అన్న పేజీ చదవకుండా ధర చవకో ఖరీదో చెప్పలేం.

సాగదీసేది ఎక్కడంటే పోలిక దగ్గర. నూనె మిల్లు తనను తాను నూనె మిల్లుతో పోల్చుకోకుండా, బ్రాండున్న పెద్ద ఫుడ్ కంపెనీతో పోల్చుకుంటే 25 రెట్లు కాస్తా 60 అవుతుంది. లాభాలే లేని కంపెనీలైతే అమ్మకాలకు ఇన్ని రెట్లు, యాప్ వాడేవాళ్లు ఇంతమంది అని కొత్త కొలతలు తెస్తాయి. అలాంటి ధరలను తప్పని తేల్చలేం, ఒప్పని తేల్చలేం, అందుకే అవి లిస్టింగ్ తర్వాత అంతలా ఊగుతాయి.

ప్రైస్ బ్యాండ్ అంటారు, బుక్ బిల్డింగ్ అంటారు, మనకు అర్థమయ్యేలా చెప్పన్నా.

చిన్నప్పుడు నాన్నతో బుడ్డలు అమ్మడానికి ఆదోని మార్కెట్ యార్డుకు వెళ్లేవాణ్ని. కొనేవాళ్లు కుప్ప దగ్గరికొచ్చి గుప్పెడు కాయలు తీసుకుని రెండు వేళ్లతో నొక్కి పగలగొట్టేవాళ్లు. గింజ నిండుగా ఉందా, తేమ ఉందా అని నోట్లో వేసుకుని చూసి, ఏమీ మాట్లాడకుండా పక్క కుప్పకు వెళ్లిపోయేవాళ్లు. ఆ మొహాలు చూసి రేటు కనిపెట్టాలని నేను తెగ ప్రయత్నించేవాణ్ని. తర్వాత టెండర్, అంటే ఎవరి రేటు వాళ్లు చీటీ మీద రాసివ్వడం. ఎక్కువ రేటు రాసినవాడికి ఆ కుప్ప.

బుక్ బిల్డింగ్ కూడా టెండరే, ఒక తేడాతో. కంపెనీ కింద రేటు, పై రేటు చెబుతుంది. పై రేటు కింద రేటు కన్నా 20 శాతానికి మించి ఎక్కువ ఉండకూడదు. ఎవరికి ఎంతకు ఎన్ని కావాలో మూడు రోజుల పాటు రాసుకుంటారు. అమ్మేది 62.5 లక్షల షేర్లు, 220కి అడిగింది 40 లక్షలు, 218కి ఇంకో 15 లక్షలు, 215కి మరో 10 లక్షలు అనుకుందాం. 215 దాకా వస్తేగానీ సరుకంతా అమ్ముడుపోదు. అప్పుడు ధర 215. ఆ ధరే అందరికీ, 220 రాసినవాడూ 215 కడితే చాలు. యార్డులో అయితే ఎవరు రాసిన రేటు వాళ్లు కట్టాలి.

నిజానికి గిరాకీ ఉన్న ఇష్యూలన్నీ పై రేటు దగ్గరే తేలతాయి. అసలు బేరం బ్యాండ్ ప్రకటించకముందే అయిపోతుంది, మ్యూచువల్ ఫండ్లు, విదేశీ ఫండ్ల దగ్గరికి వెళ్లి మీరు ఎంతకు కొంటారని అడిగి వచ్చాకే ఆ అంకెలు అచ్చవుతాయి. ఇష్యూ తెరవడానికి ముందు రోజు యాంకర్ ఇన్వెస్టర్లు (అలాంటి పెద్ద ఫండ్లే) కొంటారు, ఆ జాబితా అదే రాత్రి ఎక్స్ఛేంజీ సైట్లలో ఉంటుంది. నేను తప్పకుండా చూస్తాను. వాళ్ల షేర్లలో సగం 30 రోజులు, మిగతా సగం 90 రోజులు అమ్మడానికి లేదు, ఆ తేదీలూ రాసుకోండి.

కటాఫ్ టిక్ పెట్టాలా?

పెట్టండి. తేలిన ధరకు తీసుకుంటానని దానర్థం. చిన్న మదుపరులకే ఆ వీలుంది. తక్కువ రేటు రాస్తే, ధర పైన తేలినప్పుడు మీ దరఖాస్తును పక్కన పెట్టేస్తారు.

లిస్టింగ్ రోజే రెట్టింపు అవుతుంటే, కంపెనీ అంత తక్కువకు ఎందుకు ఇచ్చినట్టు? తెలివి లేకనా?

2024లో బజాజ్ హౌసింగ్ ఫైనాన్స్ 70కి ఇస్తే 150 దగ్గర మొదలైంది. 1993లో ఇన్ఫోసిస్ 95కి అమ్మితే కొనేవాళ్లు చాలక ఇష్యూ నిండనే లేదు, ఒక విదేశీ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు వచ్చి మిగిలింది తీసుకుంది, తీరా లిస్ట్ అయింది 145కి. ధర కట్టడం అనుభవమున్నవాళ్లకూ ఎంత కష్టమో చూడండి.

కొంత తగ్గించి ఇవ్వడం కావాలని చేసేదే. ఇష్యూ నిండకపోతే పరువు పోతుంది, కనీస మొత్తం రాకపోతే డబ్బంతా తిరిగివ్వాలి. బ్యాంకర్లకు ఆ ఫండ్లతో రేపు ఇంకో ఇష్యూ పని ఉంటుంది, వాళ్లను నొప్పించలేరు. పైగా అమ్మేది చాలాసార్లు కొంత వాటానే. మిగతా 75 శాతం మీద రేపు మంచి ధర రావాలంటే మొదటి కొనుగోలుదారులు సంతోషంగా ఉండాలి.

మంచి ఐపీఓలు ఎప్పుడూ నాకు రావు, పోయేవి మాత్రం అడిగినన్ని వస్తాయి. నా జాతకమా?

జాతకం కాదు తల్లీ, ఐపీఓ పద్ధతే అలా ఉంటుంది. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

చిన్న మదుపరుల కోటాకు షేర్ల కన్నా దరఖాస్తులు ఎక్కువొస్తే, కంప్యూటర్ డ్రా తీసి గెలిచినవాళ్లకు ఒక్కో లాట్ (దరఖాస్తుకు కనీసం వేయాల్సిన షేర్ల కట్ట) ఇస్తారు. అందరూ ఎగబడ్డ ఇష్యూలో ఇరవై మందిలో ఒకరికి రావచ్చు. పెద్ద ఫండ్లు మొహం చాటేసిన ఇష్యూలో పోటీ ఉండదు, అడిగినవాళ్లందరికీ వస్తుంది. 2021లో పేటీఎం ఇష్యూకు రెండు రెట్ల గిరాకీ కూడా రాలేదు, 2,150కి ఇచ్చిన షేరు మొదటిరోజే 27 శాతం దాకా పడింది. ఎల్ఐసీకి మొత్తం మీద మూడు రెట్లు దాటలేదు, 949 షేరు 870 దగ్గర మొదలైంది.

లెక్క చూడండి. లాట్ 15,000. మంచి ఇష్యూ రెట్టింపు అవుతుంది, కానీ అలాట్‌మెంట్ ఇరవైలో ఒకటి, సగటున మీకు మిగిలేది 750. చెడ్డ ఇష్యూ 20 శాతం పడుతుంది, అలాట్‌మెంట్ ఖాయం, పోయేది 3,000. ఒక్క చెడ్డదాన్ని పూడ్చుకోవడానికి అంత మంచివి నాలుగు కావాలి. అందుకే వచ్చినవన్నీ వేసేద్దాం, ఏదో ఒకటి తగులుతుంది అనే పద్ధతి పనికిరాదు. యార్డులో అందరూ వదిలేసిన కుప్ప మీకు సులభంగా దొరికిందంటే, గింజ పగలగొట్టి చూడాల్సింది అప్పుడే.

అలాగని గిరాకీ ఉంటే చాలనీ కాదు. 2008 జనవరిలో రిలయన్స్ పవర్‌కు 70 రెట్లు పైగా దరఖాస్తులొచ్చాయి, 450కి అమ్మారు, మనలాంటివాళ్లకు 20 రూపాయల తగ్గింపు కూడా ఇచ్చారు. ఫిబ్రవరిలో లిస్ట్ అయ్యేనాటికి మార్కెట్ గాలి మారింది, మొదటిరోజు 372 దగ్గర ముగిసింది. అప్పట్లో దరఖాస్తుకూ లిస్టింగ్‌కూ మధ్య వారాలు పట్టేది. 2023 డిసెంబరు నుంచి ఇష్యూ ముగిసిన మూడో పనిరోజుకు లిస్ట్ కావాలన్న నిబంధన ఉంది, ఆ భయం చాలా తగ్గింది.

గ్రే మార్కెట్ ప్రీమియం 90 ఉందంట, వేసేద్దామా?

గ్రే మార్కెట్ అంటే లిస్టింగ్‌కు ముందే ఎక్స్ఛేంజీ బయట అనధికారంగా జరిగే బేరం, అక్కడ ఇష్యూ ధర మీద ఎంత ఎక్కువ పలుకుతోందో అదే ప్రీమియం. నేనూ ఒకసారి అలాగే వేశాను. దాని ప్రాస్పెక్టస్ (కంపెనీ తన వివరాలన్నీ చెప్పే పత్రం) తెరవలేదు, వాట్సాప్‌లో వచ్చిన ప్రీమియం అంకె చూసి నా పేరున, మా ఆవిడ పేరున వేశాను, ఇద్దరికీ వచ్చింది. లిస్టింగ్ రోజు పొద్దున 10 గంటలకు ఫోన్ తెరిస్తే ఇష్యూ ధర కన్నా కింద ఉంది. ముందు రోజు సాయంత్రమే ఆ ప్రీమియం కరిగిపోయిందట, మాకు చెప్పినవాళ్లెవరూ లేరు. ఆ మార్కెట్‌కు రసీదు లేదు, సెబీ పర్యవేక్షణ లేదు, అడిగే దిక్కు లేదు. ఎవరు ఎన్ని షేర్లకు ఆ ధర పలికారో తెలియని అంకె మీద ఇంట్లో డబ్బు పెట్టకండి.

ఇంట్లో ఐదుగురం ఉన్నాం, అందరి పేర్లతో వేయొచ్చా?

వేయొచ్చు. ఒక్కో పాన్‌కు ఒక్కో దరఖాస్తు, ఎవరి డీమ్యాట్‌కు వాళ్ల సొంత బ్యాంకు ఖాతా, సొంత యూపీఐ. నాన్న దరఖాస్తుకు కొడుకు యూపీఐ పెడితే చెల్లదు. గిరాకీ ఎక్కువున్నప్పుడు ఒకే పేరున ఐదు లాట్లు వేసినా ఒక లాట్ వేసినా డ్రాలో అవకాశం సమానం, కాబట్టి ఐదుగురు ఒక్కో లాట్ వేయడమే నయం. డబ్బు ఆపి ఉంచడానికి యూపీఐలో అనుమతి అడుగుతుంది, ఆ మాండేట్‌ను ఆఖరి రోజు సాయంత్రం 5 లోపు ఒప్పుకోవాలి. డబ్బు ఖాతాలోంచి పోదు, మీ ఖాతాలోనే ఆగి ఉంటుంది, రాకపోతే విడుదలవుతుంది. ఇంకొకటి, కొన్ని ఇష్యూల్లో మాతృసంస్థ వాటాదారులకు వేరే కోటా ఉంటుంది. బజాజ్ హౌసింగ్‌కు అలా ఉండింది. ఒక్క షేరున్నా చాలు, రెడ్ హెర్రింగ్ ప్రాస్పెక్టస్ (ఇష్యూ తెరవకముందు ఇచ్చే ప్రాస్పెక్టస్) దాఖలయ్యే నాటికి మీ దగ్గర ఉండాలి.

ఎవరో సార్ గ్యారంటీ అలాట్‌మెంట్ ఇప్పిస్తామంటున్నారు, యాప్ కూడా పంపారు.

దయచేసి ఆ యాప్ తీసేయండి. మా దూరపు బంధువు, రిటైరైన పెద్దాయన, ఇలాంటిదానిలోనే పోగొట్టుకున్నారు. యాప్‌లో షేర్లు వచ్చినట్టు, రెట్టింపైనట్టు కనిపించింది, తీసుకోబోతే ముందు పన్ను కట్టమన్నారు, కట్టారు, ఆ తర్వాత నంబరు పలకలేదు. అలాట్‌మెంట్ ఇప్పించే అధికారం ఎవరికీ లేదు. మీ బ్యాంకులో డబ్బు ఆగి ఉండాలే తప్ప, ఐపీఓ పేరుతో ఎవరి ఖాతాకూ డబ్బు పంపే పనే ఉండదు. పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అన్ని వందల పేజీల ప్రాస్పెక్టస్ ఎవరు చదువుతారు?

మొత్తం నేనూ చదవను. నాలుగు చోట్లు చూస్తాను. డబ్బు దేనికి వాడతారు. ధరకు ఆధారం ఏంటి, ఎవరితో పోల్చుకున్నారు. పాతవాళ్లు తమ షేర్లను సగటున ఎంతకు కొన్నారు. కంపెనీ మీద, ప్రమోటర్ల (కంపెనీ పెట్టి నడిపేవాళ్ల) మీద కేసులేమున్నాయి. వీటికి గంట చాలు. ఐపీఓకు ముందు ఏడాది మాత్రమే లాభం హఠాత్తుగా పెరిగి ఉంటే ఇంకో గంట కూర్చోండి.

అలాట్‌మెంట్ వచ్చింది. లిస్టింగ్ రోజు ఏం చేయాలి?

పొద్దున 9 నుంచి ప్రత్యేకంగా ఆర్డర్లు తీసుకుంటారు, వాటిని బట్టి మొదటి ధర తేలుతుంది, 10కి మామూలు ట్రేడింగ్ మొదలు. సెబీ 2024లో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం వ్యక్తిగత మదుపరులు తమకొచ్చిన షేర్లలో విలువ పరంగా సగం వారంలోపే అమ్మేశారు. అమ్మడం తప్పు కాదు, కానీ అమ్మాలా ఉంచాలా అన్నది దరఖాస్తు వేసే రోజే ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి, 10 గంటలకు స్క్రీన్ ముందు కూర్చున్నప్పుడు బుర్ర పనిచేయదు. ఏడాదిలోపు అమ్మితే లాభం మీద 20 శాతం పన్ను. ఏడాది దాటాక అయితే 12.5 శాతం, అదీ ఆ ఆర్థిక సంవత్సరంలో అలాంటి లాభాలన్నీ కలిపి 1.25 లక్షలు దాటిన మొత్తం మీదనే.